ఇనిష్‌డారాలో అరవై గంటలు

ఇనిష్‌డారా,
14 సెప్టెంబరు 2024

సంతోషక్కకు,

జెమీమా వందనాలు. వచ్చి పన్నెండు రోజులైనా ఒక్క ఫోనూ చేయలేదని కోపంగా ఉండి ఉంటావు. ఈ ఇంట్లో సిగ్నల్ అందదక్కా. రేవు దాకా నడిస్తే ఫోన్లో రెండు గీతలు కనిపిస్తాయి, గాలి తిరిగితే అవీ పోతాయి. నువ్వు డ్యూటీ దిగే వేళకి నేను క్లాసు చెబుతూ ఉంటాను. అందుకని ఉత్తరం. పడవ వచ్చిన రోజున పోస్టు సంచీ కూడా వస్తుంది.

లిమరిక్‌లో బస్సెక్కిస్తూ "కాలేజీ అంటే కాలేజీలా ఉండాలి, దీవిలో ఏం కాలేజీ?" అన్నావు. నిజమే, ఇది కాలేజీలా లేదు. పిల్లలు తగ్గిపోయి మూడేళ్ళ క్రితం మూతపడిన ప్రైమరీ స్కూలు. రెండు గదులు, ఒక పొయ్యి, ఆరు కంప్యూటర్లు. అవతలి ఒడ్డున ట్రాలీ అనే ఊళ్ళో ఉన్న మా కాలేజీ వాళ్ళు ఒక ఆసుపత్రి మంచం, పాఠం చెప్పడానికి మనిషంత బొమ్మ పంపించారు. ఆ బొమ్మ దుప్పటి కప్పుకుని పడవ మీద వచ్చింది. రేవులో ఉన్న పెద్దవాళ్ళు టోపీలు తీసి శిలువ గుర్తు వేసుకున్నారు. దుప్పటి తీసి చూపించేదాకా ఎవరూ టోపీ పెట్టుకోలేదు.

ఎందుకు వచ్చానో నీకు సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. ఇక్కడ నూట నలభై మంది ఉంటారు. మూడోవంతు డెబ్భై దాటినవాళ్ళు. స్నానం చేయించడానికీ, మందు వేయడానికీ ఇంటికి మనిషిని ప్రభుత్వం పంపుతుంది గానీ, ఆ మనిషికి కేరర్ సర్టిఫికెట్ ఉండాలి. దీవిలో ఒక్కరికీ లేదు. అవతలి ఒడ్డు నుంచి రోజూ ఎవరు వస్తారు? కాబట్టి మంచాన పడ్డవాళ్ళని అవతల నర్సింగ్ హోముకి పంపేస్తున్నారు. నాలుగేళ్ళలో ఐదుగురు వెళ్ళారు. ఒక్కరూ ప్రాణాలతో తిరిగి రాలేదు. జూన్ నాటికి కనీసం ఐదుగురు దీవి మనుషులకి సర్టిఫికెట్ ఇప్పించాలని కాలేజీ ఉద్దేశం. షరతు ఒకటే: తరగతిలో ఎనిమిది మందికి తగ్గకూడదు. తగ్గితే కోర్సు ఆపేస్తారు. తొమ్మిది మంది చేరారు.

ఇద్దరి గురించి చెబుతాను. నోరా, యాభై ఏడేళ్ళు. కొట్టూ పోస్టూ చూసేది ఆవిడే. పదమూడేళ్ళకి బడి మానేసింది. డెక్లాన్, ముప్ఫై నాలుగు. ఎండ్రకాయల వేట. తరగతిలో మగవాడు అతనొక్కడే. వీళ్ళు కాక రోజూ వచ్చే మనిషి ఇంకొకాయన ఉన్నాడు. నోరా మేనమామ మోసీ, ఎనభై ఎనిమిదేళ్ళు. విద్యార్థి కాదు. పొయ్యి పక్కన కూర్చుని, "బొమ్మ కంటే నేను నయం కదా" అని చొక్కా చేయి పైకి మడుస్తాడు. అందరూ ఆయన మీదే బీపీ చూడడం నేర్చుకుంటున్నారు.

బావగారికి వందనాలు. ఆశ్రితకి ముద్దులు.

నీ జెమీ

*

లిమరిక్,
2 అక్టోబరు 2024

జెమీకి,

ఉత్తరం అందింది. బావ రెండుసార్లు చదివారు. బొమ్మ సంగతికి నేనూ నవ్వాను, దాచుకోను.

ఇప్పుడు నా మాట విను. నువ్వు నర్సాపురం మిషను ఆసుపత్రిలో మూడేళ్ళు చదివి, ఆరేళ్ళు పనిచేసిన నర్సువి. ఈ దేశం వచ్చి పదకొండేళ్ళు మా ఇంట్లో ఉండి కేరరుగానే గడిపేశావు. ఇప్పుడు ఇంకొకళ్ళని కేరర్లని చేయడానికి సముద్రంలోకి వెళ్ళావు. ఇక్కడి నర్సుల రిజిస్టరులో నీ పేరు ఎప్పుడు ఎక్కుతుంది?

మా ఆసుపత్రిలో మార్చిలో అడాప్టేషన్ కోర్సు మొదలవుతుంది. మన దేశం నుంచి వచ్చిన నర్సులు పన్నెండు వారాలు ఇక్కడి నర్సుల కింద పనిచేస్తే పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. నిన్ను అడిగితే చూద్దాంలే అంటావు కాబట్టి అడగకుండా నేనే అప్లికేషన్ నింపాను. నీ సర్టిఫికెట్లన్నీ నా బీరువాలోనే ఉన్నాయి. సంతకం కూడా నీలాగే పెట్టాను. తప్పే. అయినా పెట్టాను.

ఆశ్రితతో చెబితే "పిన్ని ఈజ్ గ్రాండ్, మామ్. లీవ్ హర్ అలోన్" అని గదిలోకి వెళ్ళిపోయింది. దానికి తెలుగు అర్థమవుతుంది, నా బాధే అర్థం కాదు.

వార్డులో ఇద్దరు కొత్తవాళ్ళు చేరారు. రోగిని ఒక్కళ్ళే ఎత్తవద్దని రోజుకి పదిసార్లు చెబుతున్నాను. నువ్వూ మొదటి పాఠం అదే చెప్పు.

అక్క

*

ఇనిష్‌డారా,
20 నవంబరు 2024

అక్కా,

ఆలస్యానికి క్షమించు. పడవ ఈ నెలలో పదకొండు రోజులు ఆగిపోయింది. ఇక్కడ ఎవరూ దాని గురించి ఫిర్యాదు చేయరు. పొద్దున్నే తలుపు తీసి సముద్రం చూసి, "ఇవాళ లేదు" అని లోపలికి వెళ్ళిపోతారు.

నాకే కంగారు. పాఠాలు నేను చెప్పగలను. కానీ ఒక్కొక్కరూ నూట యాభై గంటలు నిజమైన రోగుల దగ్గర, రిజిస్టర్డ్ నర్సు కళ్ళ ముందు పనిచేసి చూపించాలి. అవతలి ఒడ్డున ఒక నర్సింగ్ హోము ఒప్పుకుంది. పొద్దున పడవకి వెళ్ళి సాయంత్రం పడవకి రావాలి. సాయంత్రం పడవ రాకపోతే అక్కడే ఉండిపోవాలి. పసిపిల్లల తల్లి ఒకామె రెండుసార్లు అలా ఇరుక్కుపోయింది. మూడోసారి వెళ్ళనంది. తప్పు పట్టలేను. ఇక మిగిలింది సరిగ్గా ఎనిమిది.

ట్రాలీ నుంచి మా కో-ఆర్డినేటర్ బ్రెండన్ వచ్చి చూసి వెళ్ళాడు. మంచివాడు. "జెమీమా, ఊళ్ళో నలభై మందికి చెప్పే డబ్బుతో ఇక్కడ ఎనిమిది మందికి చెబుతున్నాం. నేను పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి" అన్నాడు. అదీ నిజమే కదా.

నోరా చేతులు బంగారం. మంచం మీద మనిషి ఉండగానే దుప్పటి మార్చడం ఒక్కసారి చూపిస్తే నేర్చుకుంది. రాత దగ్గరికొచ్చేసరికి పెన్ను కింద పెట్టి, టీ పెడతానంటూ లేస్తుంది. అది టీ కోసం కాదని తెలియడానికి నాకు నెల పట్టింది. ఇప్పుడు కొట్టు మూసే ముందు రోజూ అరగంట ఇద్దరం కూర్చుంటున్నాం.

అప్లికేషన్ సంగతి చూస్తానులే.

జెమీ

*

లిమరిక్,
8 డిసెంబరు 2024

జెమీకి,

చూస్తానులే అంటే ఏమిటి? ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఆ కాగితం దీంతో పెట్టాను. జనవరి పదహారు. ఆన్‌లైన్లోనే. రేవులో నిలబడైనా మాట్లాడు.

మేము బాగానే ఉన్నాం. ఈ మధ్య వంటంతా బావే చేస్తున్నారు. ఉప్పు ఎక్కువో, లేకపోతే అసలు ఉండదో. వార్డులో చలికాలం రద్దీ, మంచాలు ఖాళీ లేవట. కారిడార్లలో కూడా పెట్టారట.

క్రిస్మస్‌కి వస్తావుగా. ఇరవై రెండున లిమరిక్ స్టేషన్‌కి బావ కారు తెస్తారు. నా చేత అరిసెలు కావు గానీ, వచ్చి నువ్వు వండు. నీతో చాలా మాట్లాడాలి. ఉత్తరంలో రాసేవి కావు.

అక్క

*

ఇనిష్‌డారా,
5 జనవరి 2025

అక్కా,

నూతన సంవత్సర శుభాకాంక్షలు. రేవు నుంచి ఫోన్ చేసి చెప్పాను కదా, ఇరవై ఒకటి నుంచీ పడవ లేదు. క్రిస్మస్ ఆరాధనకి ఇక్కడి కథోలిక గుడికే వెళ్ళాను. వాళ్ళ పాటలు వాళ్ళు పాడాక ఫాదర్ నన్నూ ఒకటి పాడమన్నారు. తెలుగులో పాడాను. నోరా అర్థం అడగలేదు, చేయి మాత్రం వదలలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇరవై ఎనిమిదో తేదీ మధ్యాహ్నం రెండు గంటలకి మోసీ పెరట్లో పడిపోయాడు. నోరా భోజనం తీసుకెళ్ళి చూసింది. నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. దారిలో డెక్లాన్‌ని కేకేశాం. ఎడమ కాలు బయటికి తిరిగిపోయి ఉంది. తుంటి విరిగిందని చూడగానే తెలుస్తోంది. అవతలి ఒడ్డు డాక్టరు ఫోన్లో, కదపొద్దు, హెలికాప్టర్ అడుగుతున్నాను అన్నాడు.

నేను ఏమీ చేయలేదక్కా. వాళ్ళకి నేను చెప్పడానికి కూడా పెద్దగా ఏమీ మిగల్లేదు. డెక్లాన్ దుప్పట్లు చుట్టలు చుట్టి కాలికి ఇటూ అటూ పెట్టాడు, గాలి తగలకుండా పడవ తెరచాప అడ్డం కట్టాడు. నోరా పది నిమిషాలకొకసారి నాడి చూసింది. చూసి ఊరుకోలేదు. కొట్టు చీటీల పుస్తకంలో టైము, అంకె రాసింది. రెండున్నర గంటలు. మొదటిసారి హెలికాప్టర్ వచ్చి గాలికి వెనక్కి తిరిగిపోయింది. రెండోసారి నాలుగున్నరకి, వెలుతురు పోతుండగా దిగింది. అందులో వచ్చినాయన ఆ చీటీ చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "ఇది ఎవరు రాశారు?" అన్నాడు. నోరా వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో అడుగుతున్నాడనుకుని.

స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే మోసీ నోరాని అడిగాడు: "తీసుకెళ్ళడానికి ఇంతమంది వచ్చారు. తిరిగి తెచ్చేదెవరు?"

డెక్లాన్ "మేం తెస్తాం" అన్నాడు.

ట్రాలీ ఆసుపత్రిలో ఆపరేషన్ బాగా జరిగింది. కానీ ఇంటికి పంపాలంటే రోజూ రెండుపూటలా కేరర్ ఉండాలి. లేకపోతే నడక నేర్పించే వార్డు నుంచి నేరుగా నర్సింగ్ హోమే. వేసవి దాకా ఆగుతామని డాక్టరు చెప్పారట.

ప్రార్థన చేయండి.

జెమీ

*

లిమరిక్,
30 జనవరి 2025

జెమీమాకు,

పదహారున నీ ఇంటర్వ్యూ ఏమైందని ఈరోజు ఆఫీసులో అడిగితే, "ఆవిడ డిసెంబరు పదమూడునే పేరు వెనక్కి తీసుకుంది కదా" అన్నారు.

డిసెంబరు పదమూడు. తరువాత నువ్వు నాకు ఫోన్ చేశావు, ఉత్తరం రాశావు. పాట పాడానని రాశావు.

ఇక నేను చెప్పేది లేదు.

సంతోషకుమారి

*

ఇనిష్‌డారా,
11 ఫిబ్రవరి 2025

అక్కా,

పేరు తీసేయమన్నది నిజం. నీకు చెప్పకపోవడం నా తప్పు. ధైర్యం లేక చెప్పలేదు.

కోర్సు మార్చిలో మొదలు. నేను మార్చిలో వెళ్ళిపోతే నా బదులు ఎవరూ రారు. నాకు ముందు ఈ ఉద్యోగానికి ముగ్గురిని అడిగితే ముగ్గురూ పడవ టైములు చూసి వద్దన్నారట. నర్సుని కాలేకపోయానని నువ్వు బాధపడుతూ ఉన్నావు. నేను ఆ బాధ పడడం మానేసి చాలా కాలమైంది. ఇక్కడ ఎనిమిది మంది నన్ను టీచర్ అంటారు. ఆ మాట విని పొద్దున్నే లేవబుద్ధవుతుంది.

ఇది రాస్తూనే ఒప్పుకోవాల్సినది ఇంకొకటి ఉంది. నీ మాటే నెగ్గింది. నర్సింగ్ హోములో తొంభై గంటలు పూర్తయ్యాయి. జనవరి తుఫానుకి అవతల రేవు గోడ కూలింది. పొద్దున పడవ వేసవి దాకా లేదు, రోజుకి ఒక్కటే, అదీ మధ్యాహ్నం. ఇంక అరవై గంటలు మిగిలాయి. బ్రెండన్ పైవాళ్ళతో పోట్లాడి ఒక దారి సంపాదించాడు. బడిలోనే పగటిపూట పెద్దవాళ్ళని కూర్చోబెట్టి చూసుకుంటే ఆ గంటలు లెక్కలోకి తీసుకుంటారట. రిజిస్టర్డ్ నర్సు ఎదురుగా ఉండి సంతకం పెట్టాలి. హెల్త్ నర్సు వారానికి ఒక్క పూట వస్తుంది, ఆ పూట ఆమె పనికే సరిపోదు.

నేను నర్సునే. రోజంతా గదిలోనే ఉంటాను. కానీ నా సంతకం చెల్లదు. ఇది నువ్వు పదకొండేళ్ళుగా చెబుతున్న మాటే.

పైగా డెక్లాన్ మానేస్తానంటున్నాడు. ఎండ్రకాయలు పట్టే బోనులు సిద్ధం చేసుకోవాలంటున్నాడు. అతను పోతే ఏడుగురు. ఏడుగురైతే గంటలతో పనే ఉండదు.

ఇప్పుడు నీ సంగతి. డిసెంబరు ఉత్తరంలో "మంచాలు ఖాళీ లేవట" అని రాశావు. వార్డు నడిపే మనిషి "లేవు" అని రాస్తుంది. "లేవట" అని రాయదు. ఆ రోజు గమనించలేదు, నీ కోపం ఉత్తరం వచ్చాక పాతవన్నీ తీసి చదివాను. నిన్న రేవు నుంచి ఇంటికి ఫోన్ చేస్తే బావగారు ఎత్తారు. అక్క డ్యూటీకి వెళ్ళిందా అంటే, "ఏ డ్యూటీ తల్లీ, అక్టోబరు నుంచీ వార్డు మొహం చూడలేదు" అని, వెంటనే నాలిక కరుచుకున్నారు. ఆయన్ని ఏమీ అనకు.

ఏమైందక్కా?

జెమీ

*

లిమరిక్,
3 మార్చి 2025

జెమీకి,

రెండు వారాలుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను.

అక్టోబరు పదకొండు, సాయంత్రం. ఒక పెద్దాయన కుర్చీలోంచి జారిపోతున్నాడు. ఎత్తే మిషను కారిడార్ చివర ఉంది. బెల్లు నొక్కితే ఇద్దరు వచ్చేవాళ్ళు. నేను నొక్కలేదు. ఒక్కదాన్నే చంకల కింద చేతులు వేసి పైకి లాగాను. నడుములో ఏదో తెగినట్టయింది. ఆయనకి ఏమీ కాలేదు. నేను ఆయన పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. కొత్తవాళ్ళిద్దరూ వచ్చి, నేను నేర్పిన పద్ధతిలోనే, నన్ను లేపారు.

డిస్కు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు గానీ, ఇక వార్డు పని చేయకూడదన్నారు. జనవరి నుంచి ఒక గదిలో కుర్చీ, కంప్యూటరు ఇచ్చారు. ఎవరి సెలవు ఎన్ని రోజులో టైపు చేస్తాను. ఇరవై రెండేళ్ళు నర్సుగా చేసినదాన్ని.

నీకెందుకు చెప్పలేదంటే, సిగ్గు. రోజుకి పదిసార్లు వద్దని చెప్పిన పని నేనే చేశాను. రెండోది, భయం. చెబితే నువ్వు అన్నీ వదిలేసి వచ్చేస్తావు. రావాలనే నాకు ఉంది, కానీ ఇందుకోసం వచ్చావంటే నేను తట్టుకోలేను. నీ కోర్సు కోసం వస్తే ఇద్దరికీ మర్యాదగా ఉంటుందనుకున్నాను. అప్లికేషన్ అంతా నీ మేలు కోసమే అని నన్ను నేను నమ్మించుకున్నాను. సగం నా కోసమే. సాక్సు వేసుకోవడానికి ఆశ్రితని పిలవాల్సి వస్తుంది జెమీ. అది నవ్వుతూనే వేస్తుంది. నేను గోడ వైపు చూస్తాను.

నీ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అది అలాగే ఉంచి ఇంకొక మాట.

నా నడుము పాడైంది గానీ రిజిస్టరులో పేరు పాడవలేదు. నాకు పది రోజుల సెలవు మిగిలింది. రోజుకి ఆరు గంటల చొప్పున పది రోజులు అరవై గంటలు. కూర్చుని చూడడానికి, తప్పు చెప్పడానికి, సంతకం పెట్టడానికి నడుముతో పనిలేదు. మార్చి ఇరవై నాలుగు సోమవారం నుంచి రాగలను, ముందురోజే దిగుతాను. మీ బ్రెండన్ ఒప్పుకుంటాడేమో కనుక్కో.

నాకు పడవంటే భయమని నీకు తెలుసు. ఆ మాట అక్కడ ఎవరికీ చెప్పకు.

అక్క

*

ఇనిష్‌డారా,
12 మార్చి 2025

అక్కా,

నీ ఉత్తరం రేవులోనే చింపి చదివాను, అక్కడే ఏడ్చాను. తాడు కడుతున్న ఒకాయన వచ్చి ఇంటి దగ్గర అంతా బాగేనా అని అడిగాడు. మా అక్క వస్తోందని చెప్పాను.

బ్రెండన్ నీ రిజిస్ట్రేషన్ నంబరు అడిగాడు. ట్రాలీ నుంచి రేవుకి అతనే కారులో తీసుకొస్తాడట. పడవలో మధ్యలో కూర్చో, నీళ్ళ వంక కాకుండా దూరంగా కొండ వంక చూడు. ఒళ్ళో నోరా ఇచ్చిన అల్లం బిస్కెట్లు పెట్టుకో, దీంతో పాటు పంపుతున్నాను.

కోపం తీసుకురావచ్చు. సాక్సు నేను వేస్తాను.

జెమీ

*

లిమరిక్,
16 ఏప్రిల్ 2025

జెమీకి,

వచ్చి పన్నెండు రోజులైంది. పడవలో రెండుసార్లు వాంతి చేసుకున్న సంగతి బావకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు. తిరుగు ప్రయాణంలో ఒక్కసారే.

మీ వాళ్ళకి నేనంటే మొదటి రెండు రోజులు భయం వేసిందని తెలుసు. వేయాలి. మందు గ్లాసు అందించే ముందు పేరు అడగని మనిషిని నేను ఊరుకోను. మూడో రోజు ఎత్తే పాఠం చెప్పమని నువ్వు నన్ను ముందుకి తోశావు. ఏమీ తయారై రాలేదు. కుర్చీలో కూర్చుని అక్టోబరు పదకొండున ఏం చేశానో అలాగే చెప్పేశాను. వార్డులో కూడా ఎవరికీ అంత వివరంగా చెప్పలేదు. అందరూ రాసుకోవడం ఆపేశారు. నోరా అడిగింది: "బెల్లు ఎందుకు నొక్కలేదు?" మా ఆసుపత్రిలో ఎవరూ అడగని ప్రశ్న. "నొక్కితే నేను ముసలిదాన్ని అయ్యానని ఒప్పుకున్నట్టు అవుతుందనుకున్నాను" అన్నాను. నాకే అప్పుడు తెలిసింది.

నీకు చెప్పనిది ఒకటుంది. అక్కడ ఉన్నప్పుడు చెబితే అతన్ని అడిగేస్తావని ఆగాను. డెక్లాన్ మానేస్తానన్నది బోనుల కోసం కాదు. ఐదో రోజు భోజనాల వేళ బడి వెనక గోడ మీద ఒక్కడే కూర్చుని ఉంటే నేనూ వెళ్ళాను. అతనే చెప్పాడు. నర్సింగ్ హోములో ఒక పెద్దాయనకి స్నానం చేయించాల్సి వచ్చి, సగంలో బయటికి వచ్చి వాంతి చేసుకున్నాడట. ఎవరూ చూడలేదు. "చేపల పేగుల్లో పెరిగినవాణ్ణి. నాకు అలా ఎందుకైంది? మోసీకి మాట ఇచ్చాను. ఆయన దగ్గర కూడా అలాగే అయితే?" అన్నాడు.

పద్దెనిమిదేళ్ళప్పుడు మిషను ఆసుపత్రిలో నేను మొదటి రోజు పారిపోయి బావి వెనక దాక్కున్నాను. ఈ సంగతి నీకూ తెలియదు. అతనికి చెప్పాను. అతను నమ్మలేదు.

లేవబోతే నా బూటు లేసు ఊడి ఉంది. వంగలేను. ఊరికే నిలబడి దాని వంక చూస్తున్నాను. అతను మాట్లాడకుండా మోకాళ్ళ మీద కూర్చుని కట్టాడు. మరీ బిగువుగా ఉందా అని అడిగాడు, సరిచేశాడు. "ఇంతే డెక్లాన్. ఉద్యోగమంటే ఇదే, ఇంకాస్త ఎక్కువ" అన్నాను. మర్నాడు తరగతికి వచ్చాడు. మిగిలిన గంటలన్నీ చేశాడు. ఎనిమిది కాగితాల మీదా నా సంతకం ఉంది, ఈసారి నాదే.

వచ్చిన సోమవారమే మళ్ళీ ఆ ఆఫీసు కుర్చీలో కూర్చున్నాను. కూర్చున్నానని రాయడానికి మునుపటంత కష్టంగా లేదు.

అక్క

*

ఇనిష్‌డారా,
29 జూన్ 2025

అక్కా,

ఫలితాలు ఈ నెల మొదట్లోనే వచ్చాయి. ఎనిమిది మందిలో ఏడుగురు పాస్. నోరా చేతి పనుల్లో అందరికంటే పైన ఉంది, రాత పేపరు ఒకటి పోయింది. నాలుగు మార్కులు తక్కువ. సెప్టెంబరులో మళ్ళీ రాయవచ్చు. కాగితం రెండుసార్లు చదివింది. తరువాత, "నాలుగేనా" అంది. అంతే. టీ పెడతానని లేవలేదు. పుస్తకం తీసుకుని ఇంటికి వెళ్ళింది.

సెంటర్ గురించి కాలేజీ నిర్ణయం కూడా చెప్పారు. వచ్చే ఏడాది ఇక్కడ పూర్తి కోర్సు ఉండదు. కొత్తగా చేరడానికి ముగ్గురే ఉన్నారు, ఇంత చిన్న ఊళ్ళో ప్రతి ఏడూ ఎనిమిది మంది ఎక్కడ దొరుకుతారు? వారానికి రెండు రోజులు నేను వచ్చి పాఠం చెబుతాను, మిగతావి కంప్యూటర్ మీద. మూడు రోజులు ట్రాలీలో పని. మొదట చాలా బాధపడ్డాను. బ్రెండన్, "మూసేయలేదు జెమీమా, సన్నబడింది" అన్నాడు. సన్నబడిందంటే మిగలడమో కాదో రెండేళ్ళలో తెలుస్తుంది. ట్రాలీ ఆసుపత్రిలో కూడా అడాప్టేషన్ కోర్సు ఉందని కనుక్కున్నాను. వచ్చే వేసవి సెలవుల్లో కాలేజీ పని లేక నాకు పన్నెండు వారాలు ఖాళీ. దరఖాస్తు నేనే నింపాను. ఇది నీ కోసం కాదు. రెండోసారి ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడలేక.

ట్రాలీలో ఎత్తే పాఠం నెలకి రెండుసార్లు చెప్పడానికి మనిషి కావాలని బ్రెండన్ అడుగుతున్నాడు. పడవ ఎక్కక్కర్లేదు, రైలు ఉంది. నీ పేరు నేను చెప్పలేదు. అతనే చెప్పాడు. జవాబు నువ్వే అతనికి రాయి.

ఇక మోసీ. జూన్ పదిహేడున మధ్యాహ్నం పడవకి వచ్చాడు. చక్రాల కుర్చీలో రేవు ఎక్కిస్తుంటే సగం దీవి నిలబడి ఉంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఇక్కడ అలాంటివి చేయరు. "చేపల ధర ఎంత?" అన్నాడు. ఎవరో చెప్పారు. "అన్యాయం" అన్నాడు. ఇంటికి తీసుకెళ్ళారు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి డెక్లాన్ మొదటి డ్యూటీ. కొత్త యూనిఫారం, మెడలో కార్డు. మొదటిసారి కదా అని నేనూ వెనకాలే నడిచాను. అతను తలుపు కొట్టి లోపలికి వెళ్ళాడు, రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాడు.

లోపలి నుంచి మోసీ అరుపు: "మీ తాతకి ఈత నేర్పిందే నేను! నువ్వు నాకు స్నానం చేయిస్తావా?"

నేను లోపలికి వెళ్ళి సర్దిచెబుదామనుకున్నాను. డెక్లాన్ నా వైపు చూసి చేయి అడ్డంగా ఊపాడు. మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. గడప మీద కూర్చుని, లోపలికి వినబడేలా, ఈ ఏడు ఎన్ని బోనులు వేశాడో, ఏ రాయి దగ్గర వేశాడో చెప్పడం మొదలుపెట్టాడు. లోపలి నుంచి మోసీ, అక్కడ వేయకూడదు, మీ నాన్న కూడా ఆ తప్పే చేశాడు అన్నాడు. డెక్లాన్ వాదించాడు. ఇరవై నిమిషాలు, ఇంకా ఎక్కువేనేమో. ఇద్దరికీ గొంతు పెరిగింది.

చివరికి లోపలి నుంచి, "నువ్వొక మొండి వెధవ్వి. నీళ్ళు చల్లారిపోతున్నాయి, రా" అని వినిపించింది.

డెక్లాన్ లేచాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి గట్టిగా ఊపిరి తీసుకోవడం నాకు కనిపించింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

నేను గేటు బయట కాసేపు నిలబడ్డాను. బకెట్ చప్పుడు, నీళ్ళ చప్పుడు, మళ్ళీ ఆ రాయి గురించే వాదన. నాకు అక్కడ పని లేదని అర్థమై, బడి తాళం తీయడానికి వెళ్ళిపోయాను.

నీ జెమీ